నోటిమాట రద్దు

“ఇంకో షరతు ఉంది,” అన్నాడు డేగ, కుర్చీలో వెనక్కి వాలుతూ.

టైపు చేస్తున్న గుమాస్తా వేళ్ళు ఆగిపోయాయి. క్లబ్బు ప్రెసిడెంటు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పొద్దుటి నుంచి అలా తుడుచుకోవడం ఇది ఐదోసారి.

“చెప్పు బాబూ.”

డేగ అన్నది పత్రికలవాళ్ళు పెట్టిన పేరు. ఫుట్‌బాల్ మైదానంలో గోలు కనబడితే చాలు, అమాంతం వాలిపోతాడని. మూడు వారాల క్రితం అతను ఈ ప్రెసిడెంటుకి ఫోన్లో మాటిచ్చాడు, ఈ సీజన్ నుంచి మీ క్లబ్బుకే ఆడతానని. జీతమెంత, ఎన్నేళ్ళు, ఏ మ్యాచ్‌కైనా మొదటి పదకొండుమందిలో ఉండటం, ఉండటానికి ఇల్లు, అన్నీ ఆ ఫోన్లోనే తేలిపోయాయి. ఆ మాట నమ్మి ప్రెసిడెంటు ఊరంతా పోస్టర్లు వేయించాడు. తీరా సంతకం రోజున డేగ లాయరైన తన బావమరిదిని వెంటేసుకొచ్చి, మళ్ళీ మొదటి నుంచి మాట్లాడుకుందాం అన్నాడు.

అదీ ఎలాంటి రోజున! ఆటగాళ్ళు క్లబ్బు మారడానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం ఐదు దాటితే ఎవరూ ఎవర్నీ తీసుకోవడానికి లేదు. ఏటి అవతలి క్లబ్బేమో డేగ కోసం గేట్లు బార్లా తీసుకుని కూర్చుంది.

ఇదంతా డబ్బు కోసం అనుకుంటే పొరపాటే. జీతం అంకెని డేగ ముట్టుకోనైనా లేదు. అతనికి కావలసింది పగ తీరడం. పన్నెండేళ్ళ క్రితం ఇదే పెద్దమనిషి “వచ్చెయ్, నిన్ను తీసుకున్నట్టే” అంటే నమ్మి, చేస్తున్న ఉద్యోగం మానేసి, బూట్లు మెడలో వేలాడేసుకుని వచ్చాడు. గేటు బయట వానలో మూడు గంటలు నిలబెట్టి, చివరికి కారు అద్దం నాలుగు వేళ్ళ మేర దించి, “నోటిమాటకేముందోయ్, సవాలక్ష అంటాం,” అని వెళ్ళిపోయాడు ప్రెసిడెంటు. ఆ కారు చిమ్మిన బురద చొక్కా మీద నుంచి పోయింది గానీ మనసులోంచి పోలేదు.

అందుకే ఇవాళ ఒక్కో షరతూ ఒప్పుకుంటుంటే డేగకి కడుపులో పాలు పోసినట్టుంది. ప్రెసిడెంటు కారు నిలిపే చోటు ఇకమీద డేగది. ప్రెసిడెంటు మేనల్లుడు వేసుకునే తొమ్మిదో నంబరు చొక్కా డేగది. డేగ మొదటిసారి మైదానానికి వచ్చే రోజున ప్రెసిడెంటే స్వయంగా గేటు తియ్యాలి. పన్నెండేళ్ళనాటి తప్పుకి పత్రికలో క్షమాపణ వేయించాలి. అన్నిటికీ ముసలాయన కుక్కిన పేనులా తలూపాడు.

“మూడేళ్ళదాకా నన్ను ఏ క్లబ్బుకీ అమ్మకూడదు, అరువివ్వకూడదు. మళ్ళీ గేటు బయట నిలబడే ఓపిక నాకు లేదు,” అన్నాడు డేగ.

“నీ అంతట నువ్వే పోతానంటే?”

“నేనెందుకు పోతాను?”

“ఏటి అవతలివాళ్ళు పిలవచ్చు కదా.”

“నేనడిగినా పంపకూడదనే రాయించండి. మీలాగా ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదు నేను.”

బావమరిది దగ్గి, డేగ మోచెయ్యి పట్టుకున్నాడు. “బావా, అది కాస్త ఆలోచించుకుని…”

“నువ్వూరుకో. ఈయన మొహం చూడు, ఎలా పాలిపోయిందో.”

నిజంగానే పాలిపోయింది. గోడగడియారం నాలుగున్నర చూపిస్తోంది.

“మరి ఫోన్లో అనుకున్నవి? అవి కూడా రాయించమంటావా బాబూ?” అన్నాడు ప్రెసిడెంటు.

డేగ పకపకా నవ్వాడు. ఈ ప్రశ్న కోసమే పన్నెండేళ్ళుగా కాచుకుని ఉన్నట్టు, ఒక్కో మాటా విరిచి విరిచి చెప్పాడు. “నోటిమాటకేముంది సార్, సవాలక్ష అంటాం. జీతం, ఇల్లు రాయించండి, చాలు. మిగతా నోటిమాటలన్నీ రద్దు. కాగితం మీద ఉన్నదే లెక్క. ఆ ముక్క కూడా కాగితం మీదే ఉండాలి.”

“రద్దేనా?”

“రద్దే!”

గుమాస్తా టకటకా కొట్టి కాగితాలు బయటికి తీశాడు. బావమరిది షరతులన్నీ వేలు పెట్టి చదివాడు. కారు చోటు, చొక్కా, గేటు, క్షమాపణ, మూడేళ్ళు. అడిగినవన్నీ ఉన్నాయి, ఒక్క అక్షరం పొల్లు పోలేదు. డేగ సంతకం పెట్టాడు. ప్రెసిడెంటు కూడా పెట్టాడు, చెయ్యి వణుకుతుండగా. గుమాస్తా కాగితాలు లీగు ఆఫీసుకి పంపించి, అందినట్టు జవాబు వచ్చిందని చెప్పేసరికి ఐదుకి ఇంకా పది నిమిషాలుంది.

ఎవరూ లేవలేదు. గుమాస్తా టీలు తెప్పించాడు. డేగ తాపీగా తాగుతూ ముసలాయన్ని కళ్ళారా చూసుకున్నాడు. గడియారం ఐదు కొట్టింది.

పగ ఇంకా ఒక్క మెట్టు మిగిలింది. డేగకి ముప్ఫై నిండాయి. దేశం జట్టులో ఆడాలన్న కోరిక అలాగే ఉండిపోయింది. ఈ సీజన్లో క్లబ్బు మ్యాచ్‌లు చూసే ఎంపిక చేస్తామని సెలెక్టర్లు తేల్చి చెప్పారు. ఆ జట్టు చొక్కా వేసుకుని ఈ మనిషి ఎదుట ఒక్కసారి నిలబడితే జన్మ ధన్యం. ఇదే ఆఖరి అవకాశం, వచ్చే ఏడాదికి కాళ్ళు ఇలా ఉండవని అతనికి తెలుసు.

“ఎల్లుండి మన మ్యాచ్‌కి సెలెక్టర్లు వస్తున్నారట,” అన్నాడు లేస్తూ. “మీ మేనల్లుణ్ణి కూర్చోబెట్టడానికి బెంచీ మీద ఓ మంచి చోటు చూడండి సార్.”

ప్రెసిడెంటు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఈసారి తుడవలేదు. చెయ్యి కూడా వణకలేదు. ఒప్పందం కాగితాలు సర్ది, డేగ ముందుకి జరిపాడు.

“నిన్ను ఆడించాలని ఇందులో ఎక్కడుంది బాబూ?”