బాబాయ్ నొక్కిన అప్‌డేట్

“నీ పేరు కూడా ఇక్కడ కనబడకూడదు!” అని నిన్న నన్ను ప్రెస్సులోంచి గెంటేసిన బాబాయే ఇవాళ పొద్దున్నే ఫోన్ చేశాడు. అప్‌డేట్ నొక్కాడట, కంప్యూటర్ లేవడం లేదట. మధ్యాహ్నానికి దగ్గుమందు సీసాల లేబుళ్ళు ఇవ్వకపోతే ఆ కంపెనీ మళ్ళీ మన గడప తొక్కదట.

వెళ్ళాను. సాయానికి కాదు, ఆయన ముఖం ఎంత చిన్నబోయిందో చూడ్డానికి.

నల్లటి తెర మీద నాలుగు తెల్ల వరుసలు వచ్చి ఆగిపోయాయి. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. మొదట్లో వచ్చే మెనూలో అప్‌డేట్‌తో వచ్చిన కొత్త కెర్నెల్‌ని, అంటే కంప్యూటర్‌ని లేపే మూల ప్రోగ్రామ్‌ని, వదిలేసి, కిందనున్న పాతదాన్ని ఎంచుకున్నాను. కంప్యూటర్ బుద్ధిగా లేచి కూర్చుంది.

“పాతది ఇంకా ఉందటే?”

“ఇందులో ఉన్న లినక్స్ సిస్టమ్ అంతే బాబాయ్. కొత్తది కుదురుకునేదాకా పాతదాన్ని బయటికి గెంటదు. నీకంటే నయం.”

బాబాయ్ లేబుళ్ళ కాగితాలు సర్దసాగాడు.

ఇంతలో లాగిన్ తెర వచ్చింది. ఆయన పేరు కింద నా పేరు అలాగే ఉంది.

“ఇది తీసెయ్యలేదేం?”

“తియ్యడం నాకెక్కడ చేతనవుతుంది?” అన్నాడు, గోడవైపు చూస్తూ.

నాకు ముందు మానేసినవాళ్ళ పేర్లన్నీ తీసేసింది ఆయనే. పక్కనే నిలబడి చూశాను.

“రేపు నేర్పిస్తాలే” అన్నాను, నా కుర్చీ లాక్కుంటూ.