డ్రైవరు సీటు

పెద్ద కంపెనీ ఇంజనీరు మా స్పోర్ట్స్ కారులో కూర్చోగానే మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. ఆయనకు నచ్చితే మా షెడ్డును వాళ్లు కొంటారు. లేకపోతే ఈ నెలతో తాళం పడుతుంది. పనివాళ్లంతా చేతిలో పని ఆపి చూస్తున్నారు.

"ఇంత ఖరీదైన కారులో కాళ్లు ముడుచుకుని కూర్చోవాలా?" అన్నాడాయన. "మీ మొదటి కారు నుంచీ ఇదే తప్పు. ఎవరూ చెప్పలేదా?"

"చెప్పనివాళ్లెవరండీ," అన్నాడు మేస్త్రీ నావైపు చూసి నవ్వుతూ. "కొన్న ప్రతివాడూ మోకాళ్లు రుద్దుకుంటూనే వచ్చాడు. మా సారు వింటేగా."

"సీటు వెనక్కి జరిపితేనే సంతకం పెడతాను. జరుపుతారా, లేదా?"

మేస్త్రీ నవ్వు ఆగిపోయింది.

మా కార్లన్నీ మొదట నా భార్యే నడిపి చూసేది. ఆమె పొట్టి. సీటును ఆమె కాళ్లకు కొలిచి బోల్టులతో బిగించేవాళ్లం. ఆమె సరేనన్నాకే కారు గేటు దాటేది.

ఆమె పోయాక తయారైన మొదటి కారు ఇది. దీనికీ ఆ కొలతే ఉంచాను.

"వెనక్కి జరుపు మేస్త్రీ," అన్నాను చివరికి.

అతను కదల్లేదు. "ఇంకే పనైనా చెప్పండి సార్. ఇది మాత్రం నా వల్ల కాదు."

స్పానరు నేనే తీసుకున్నాను.