ఖాళీ చేయని అద్దెదారు

ఇంటింటా వంటగది గూట్లో సర్వర్ పెట్టె వెలసిన రోజులవి. వెబ్‌సైట్లకు అందులో చోటు అద్దెకివ్వడం, చలికాలం దాని వేడి మీద ఇడ్లీపిండి పులియబెట్టడం అందరికీ అలవాటైపోయింది.

ఫైనల్ మ్యాచ్ మొదలు కాబోతోంది. పెట్టె మొత్తం తనకే ఇస్తే పదింతల అద్దె ఇస్తానంది ప్రసారాల కంపెనీ. ఆ డబ్బుతో కొత్త స్కూటర్ కొనాలని భీమారావు ఆశ. చిల్లర వెబ్‌సైట్లన్నింటినీ అప్పటికే ఊళ్లోని వేరే ఇళ్లకు పంపేశాడు. ఒక్కటి మాత్రం కదలనంటోంది.

"దీనికి తాళం వేసిందెవరు?"

"నేనే," అంది భార్య హైమ, పిండిగిన్నె తెచ్చి పెట్టె మీద పెడుతూ.

"పైసా అద్దె ఇవ్వనివాడి మీద అంత జాలేమిటే?"

"వాడెవడో తెరిచి చూడండి మరి."

చూశాడు. పెళ్లికి ముందు హైమ కోసం తను తయారుచేసిన పేజీ అది. నిండా తప్పుల తడక కవిత్వం, పక్కన ఓ వంకర నెమలి.

భీమారావు సిగ్గుపడ్డాడు. "పోనీ, దీన్నీ పక్కింటి పెట్టెకు పంపేయనా?"

"నాకు రాసింది పక్కింటి గూట్లో ఉంటుందా?"

కంపెనీకి కుదరదని చెప్పేశాడు. ఆ ఒక్క పేజీ తప్ప ఖాళీ అయిన పెట్టె చల్లగా ఉండిపోయింది, పిండి పొంగలేదు. మర్నాడు హైమ ఉప్మా చేసింది. ఉప్మా అంటేనే మండిపడే భీమారావు మారు అడిగి మరీ పెట్టించుకున్నాడు.