ఈ నెల మెచ్చినవి

ఫోన్‌లో వీడియో చూస్తున్న ఆయన చటుక్కున వెనక్కి తిరిగి చూశాడు.

ఎవరో వెనక నుంచి తీశారు. పార్కు బెంచీ మీద ఒక బట్టతల, మెడలో ఆఫీసు కార్డు తాడు, పక్కన టిఫిన్ డబ్బా. ఎదురుగా ఇరవై పావురాలు. "ఏమయ్యా, ఇదా వచ్చే టైము? నిన్నటి స్టాకు రిపోర్టేదీ?" అని ఆలస్యంగా వాలినదాన్ని దులిపేస్తున్నాడు.

ఆ బట్టతల తనదే. ఇప్పుడు కూర్చున్నదీ ఆ బెంచీ మీదే.

పంపింది భార్య. నెట్‌లో దొరికిన మంచి వ్యాసాలూ వీడియోలూ ఏరి ప్రతి నెలా ఒకటో తారీఖున మెయిల్ చేయడం ఆవిడకు ఎనిమిదేళ్ల సరదా. అందుకునేవాళ్లు నాలుగు వేల మంది. ఈసారి మొదటిది యాభై ఏళ్లకు వడ్రంగం నేర్చుకున్న గుమాస్తా గురించి. రెండోది చేదు కబురు ఇంట్లో చెప్పడం ఎలా అన్న వ్యాసం. అవేవీ ఆయన బుర్రకెక్కలేదు. మూడోదే ఈ వీడియో. కింద ఆవిడ వ్యాఖ్య: "ఈయన ఇంట్లో కూడా ఇలా నోరు విప్పితే ఎంత బాగుండు!"

గోడౌన్ మేనేజరు ఉద్యోగం ఊడినా, ఇంట్లో తెలియకూడదని రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరే పెద్దమనిషి ఆయన. వెంటనే ఆవిడకు ఫోన్ చేశాడు.

"ఆ మూడోది తీసెయ్."

"వెళ్లిపోయిన మెయిల్ ఎలా తీస్తానండీ? అయినా ఎందుకు?"

"ఎవరో పాపం... వాళ్లావిడ చూస్తే?"

"చూస్తే?"

"తల ఎక్కడ పెట్టుకుంటాడు?"

"అంత పని ఏం చేశాడని? దొంగతనమా, దోపిడీయా?"

"ఉద్యోగం పోయుంటుంది. చెప్పడానికి నోరు రాలేదేమో."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగు నెలలు," అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ఇక దాచి లాభం లేదనిపించింది.

"ఆ మనిషి నేనే," అన్నాడు. "చెబితే నీ ముందు చిన్నవాణ్నయిపోతానని భయమేసింది. ఇప్పుడు చూడు, నాలుగు వేల మంది నవ్వుతున్నారు. రేపట్నుంచి వీధిలో ఎలా తిరగను?"

"ఎవరూ నవ్వట్లేదండీ."

"ఎందుకు నవ్వరు? అందరికీ పంపావుగా!"

ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఈ నెలది మీ ఒక్కరికే పంపాను."