పెద్దల్లుడి ముక్కు గొట్టం

ముక్కులోంచి వేలాడే సన్నటి గొట్టంతో, నడుముకి గుడ్డసంచిలో నల్లటి డబ్బాతో పెద్దల్లుడు చలమయ్య ఆటో దిగేసరికి, తగరపువలసలో అత్తవారి కొత్తింటి గృహప్రవేశానికొచ్చిన చుట్టాలంతా పనులాపి గుమ్మంలోకొచ్చారు.

“ఏటి బాబూ ఇది?” అంది అత్తగారు చిలకమ్మ.

“గొంతులోన పులుపు కొలిసే గొట్టం అత్తా. రేపొద్దున్న దాకా తియ్యకూడదు,” అన్నాడు చలమయ్య నీరసంగా.

మిగతాది అతని భార్య ధనలక్ష్మి చెప్పింది. ఆయనకి ఛాతీలో మంట. కడుపులో పులుపు ఎంత పైకి తంతోందో, గొంతులో ఒత్తిడెంతో ఆ గొట్టం పసిగడుతుందట. డబ్బా రాసుకుంటుందట. మంట పుడితే ఆయన మీట నొక్కాలి. మామూలుగానే తినొచ్చు. మనసు మాత్రం కష్టపెట్టకూడదు.

చెబుతున్నంతసేపూ ఆమె కళ్ళు ముక్కు పక్కనున్న ప్లాస్టరు మీదే. ఉక్కపోతకి అంచు లేస్తోంది. అది ఊడిందంటే పడిన పాటంతా వృథా.

పోయినేడు ధనలక్ష్మి చెల్లెలి సీమంతంలో చిలకమ్మ బట్టల పళ్ళెం ముందుగా చిన్నల్లుడు వీరేంద్రకి పట్టింది. పోర్టులో ఆఫీసరు కదా. ఆటోనగర్‌లో లేత్ పనిచేసే పెద్దల్లుణ్ణి తరవాత పిలిచింది. ఈ గృహప్రవేశంలోనూ అదే జరిగితే ఇక ఆ గడప తొక్కననీ, ధనలక్ష్మినీ తొక్కనివ్వననీ చలమయ్య తెగేసి చెప్పాడు. అన్నాడంటే చేసే మనిషి.

ఈసారి ఆయనకి ఫ్యాను కింద కుర్చీ పడింది. వీరేంద్రే విస్తరి తెచ్చి వేశాడు. చలమయ్య మీట మీద వేలేసి నిట్టూర్చినప్పుడల్లా నేతిగిన్నె దగ్గరికొచ్చింది.

వీరేంద్ర వంగి చూశాడు. “డబ్బా మీద కంపెనీ పేరు లేదేంటండీ అన్నయ్యగారూ?” అంటూ సంచి మూతి విప్పబోయాడు.

ధనలక్ష్మి అడ్డొచ్చింది. “ముట్టుకోకండి మరిదిగారూ. మీ పులుపు కూడా అందులోకెక్కేస్తాది.”

వీరేంద్ర చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

బట్టలు పెట్టే వేళయింది. చిలకమ్మ పళ్ళెం పట్టుకుని అలవాటుగా వీరేంద్ర వైపు తిరిగింది. చలమయ్య కళ్ళు మూసుకుని మీట నొక్కాడు. డబ్బా గుర్రుమంది. ఆయనకి తుమ్మొచ్చింది.

“రికార్డయిపోతంది అమ్మా,” అంది ధనలక్ష్మి, ప్లాస్టరు అదిమిపట్టి.

చిలకమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. పెద్దల్లుడికి బొట్టు పెట్టి, పట్టుపంచె చేతుల్లో పెట్టింది. డబ్బా ఊరుకుంది.

“సల్లబడిందా తల్లీ?” అని దాన్నే అడిగింది.

రాత్రికి ఉండమని అందరూ బతిమాలారు. ఆలస్యమైతే ప్రాణాలమీదికొస్తుందంటూ ధనలక్ష్మి మొగుణ్ణి బస్సెక్కించింది.

గాజువాకలో ఇంటి తలుపు తీస్తూనే ఆమె ఆయన ముక్కు పక్క ప్లాస్టరు పీకేసి, గొట్టాన్నీ డబ్బానీ పరుగున పట్టుకెళ్ళి, పైకి తేలి నోళ్ళు తెరుస్తున్న చేపల తొట్టెకి మళ్ళీ తగిలించి మీట నొక్కింది. నీళ్ళలో గాలి బుడగలు లేచాయి.