మాట రాని పిల్ల

"మీవాడు తన పేరు చెప్పాడు, మీ పేరు చెప్పాడు, రైళ్ళ పేర్లన్నీ గడగడా అప్పజెప్పాడు. ఇంకా సాయం దేనికండీ?" అంటూ సైకాలజిస్టు ఫైలు మూసేసింది.

"రైళ్ళ గురించైతే రోజంతా చెప్తాడు మేడమ్. దాహమేస్తోందని మాత్రం చెప్పలేడు. గంట మోగితే చాలు, చెవులు మూసుకుని రోడ్డు మీదికి పరుగు. పక్కన ఒక మనిషి లేకపోతే ఎలా?" ఆ తండ్రి గొంతు పెద్దదైంది.

"మాటలొచ్చిన పిల్లలకి ప్లాన్ ఇవ్వం. అరిచి లాభం లేదు, వెళ్ళండి."

ప్లాన్ అంటే విద్యాశాఖ ఇచ్చే ఉత్తర్వు. అది చేతికొస్తే, ఆటిజం ఉన్న పిల్లల పక్కన కూర్చోవడానికి ఒక సహాయ టీచరునీ, గోల లేని గదినీ బడివాళ్ళు ఇచ్చి తీరాలి. రాకపోతే, మీ పిల్లని మేం చూసుకోలేం అని చేతులు దులుపుకోవచ్చు. అడిగేవాళ్ళు కోకొల్లలు, పైనుంచి మంజూరయ్యేవి అరకొర. తల్లిదండ్రులు గోరంతను కొండంత చేస్తారనీ, తన కళ్ళు కప్పడం మాత్రం ఎవరి తరమూ కాదనీ సైకాలజిస్టుకు గట్టి నమ్మకం. ఆఫీసులో ఆమెకు జల్లెడ అని పేరు పెట్టారు. ఆ సంగతి చెవిన పడితే ఆమె మురిసిపోయింది కూడా.

తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని విసురుగా వెళ్ళిపోయాడు. తెరిచిన తలుపును ఆనుకునే ఉంది బయటి బెంచీ. దాని మీద ఒక తల్లి వంగి, కూతురి చెవిలో ఏదో చెబుతోంది. జల్లెడను చూడగానే ఉలిక్కిపడి లేచింది.

"రండి. నీ పేరేంటమ్మా?"

పిల్ల కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

"మాటలు రావు మేడమ్" అంది తల్లి.

"బడిలో నోరు విప్పదని టీచరు రాసింది. మరి ఇంట్లో?"

తల్లి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఇంట్లోనూ అంతే."

"అమ్మా అని కూడా పిలవదా?"

"పిలవదు మేడమ్."

"బడిలో ఏమిటి ఇబ్బంది?"

"గోలెక్కువైతే బల్ల కిందికి దూరిపోతుంది. బయటికి లాగితే కరుస్తుంది. మొన్న స్టోరు గదిలో పెట్టి గడియ వేశారు మేడమ్. చీకటంటే దీనికి ప్రాణం పోతుంది. ప్లాన్ తెస్తేనే మళ్ళీ తీసుకురండి, లేదంటే పేరు కొట్టేస్తాం అన్నారు."

"గడియ వేసినట్టు మీకెలా తెలిసింది? పాప చెప్పిందా?"

జల్లెడ ఇలాంటి ప్రశ్నలు మాటల మధ్యలో మామూలుగా వదిలేది. చాలామంది అక్కడే దొరికిపోయేవారు.

"ఆయా చెప్పింది మేడమ్" అంది తల్లి, తడుముకోకుండా.

ఇక పిల్ల వంతు. జల్లెడ రంగుల బొంగరం తీసి బల్ల మీద తిప్పింది. పిల్ల మొహం విచ్చుకుంది. చెంప బల్లకు ఆనించి, రంగులు కలిసిపోవడం చూస్తూ, చేతులు పక్షి రెక్కల్లా ఆడించింది. అది పడిపోగానే మళ్ళీ తిప్పమన్నట్టు ముందుకు తోసింది.

"కావాలి అని చెప్పు, తిప్పుతాను."

పిల్ల బొంగరాన్ని మరికాస్త తోసింది.

"చెప్పవా? అయితే లోపల పెట్టేస్తున్నా." జల్లెడ దాన్ని సొరుగులో పడేసి మూసింది.

బొంగరం వెనకే పిల్ల చెయ్యి కూడా వెళ్ళింది.

ఇనప సొరుగు. వేళ్ళు నలిగిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది. జల్లెడ గుండె ఝల్లుమంది. అయినా సొరుగు మీంచి చెయ్యి వెంటనే తియ్యలేదు. దెబ్బ తగిలితే ఎంత మొండి నోరైనా అమ్మా అంటుంది. నిజం బయటపడేది ఇప్పుడే అనుకుని, ఊపిరి బిగబట్టి చూసింది.

పిల్ల ఒళ్ళంతా వణికింది. పెదవులు తెల్లబడేలా బిగించుకుని తల్లి వైపు చూసింది. తల్లి కుర్చీలోంచి కదల్లేదు. బ్యాగు పట్టీని మెలిపెడుతూ నేల చూపులు చూసింది.

జల్లెడ సొరుగు లాగింది. ఒక గోరు అప్పుడే నల్లబడుతోంది.

"అయ్యో, చూసుకోలేదు. మీరేంటండీ, అలా కూర్చున్నారు?"

"దానికి... నొప్పి అంతగా తెలియదు మేడమ్."

కన్నతల్లేనా ఈవిడ అనుకుంది జల్లెడ. కానీ ఆమెకు ఇక ఏ అనుమానమూ మిగల్లేదు. మాట లేదు, ఏడుపు లేదు, నొప్పి కూడా తెలియదు. ఇలాంటి పిల్లకు కాక ఇంకెవరికి ఇవ్వాలి? సహాయ టీచరు, వేరే గది, అన్నీ మంజూరు చేస్తూ సంతకం పెట్టింది. పొద్దుట్నుంచీ అందరికీ కాదని చెప్పీ చెప్పీ అలిసిన మనసుకు, ఒక మంచిపని చేసినట్టు హాయిగా కూడా అనిపించింది.

"ఆశలు పెట్టుకోకండి. ఈ పిల్ల మాట్లాడుతుందని నేను అనుకోను" అని జాలిగా చెప్పింది.

తల్లి దణ్ణం పెట్టి, కూతుర్ని దాదాపు ఈడ్చుకుంటూ బయటికి నడిచింది.

కాసేపటికి జల్లెడ భోజనం డబ్బా తీసుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. కింది మలుపులో ఆ తల్లి మెట్టు మీద కూలబడి, కూతురి వేళ్ళను పెదవులకు ఆనించుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. పిల్ల అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరనుకుని, తల్లి చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, ఇప్పుడు ఏడవొచ్చా?"