నల్లపూస నగల గూడు

కానుగ చెట్టు మీద నల్లపూస అనే కాకి కాపురం ఉండేది. దానికి నగల పిచ్చి. అదీ సన్నసన్నవి కాదు, నాలుగు చెట్ల అవతలికి కనబడాలి. జారిపడిన జుంకాలు, విరిగిన వంకీలు, వన్నె తగ్గిన గిల్టు హారాలు, కంటబడిందల్లా గూటికి చేరేది. రోజూ పొద్దున్నే అన్నీ సర్దుకునేది. జుంకాలు పైపుల్లకి వేలాడదీసి, గాజులు అంచు చుట్టూ పేర్చి, పెద్ద పచ్చరాయి పతకాన్ని మాత్రం నట్టనడుమ పెట్టుకునేది.

"గుడ్లకైనా కాస్త చోటుంచవే," అని మొగుడు కాకి సణిగేవాడు.

ఒకనాడు మేతకెళ్లి వచ్చేసరికి తన గుడ్ల మధ్య ఇంకో గుడ్డుంది. కాస్త చిన్నది, ఒంటినిండా చుక్కలు. రోజూ సర్దుకునేదానికి తనది కానిదేదో తెలియదూ?

"ఇది కోయిల పనే. తోసెయ్," అన్నాడు మొగుడు.

నల్లపూస తల వాల్చి అటు నుంచీ ఇటు నుంచీ చూసింది. "ఆ చుక్కల పనితనం చూడండి," అంది. కానీ గూట్లో ఇరుకు. చాలాసేపు తటపటాయించి, చివరికి పతకాన్ని ముక్కున కరుచుకుని కిందికి వదిలేసింది.

ఎండలు ముదిరేసరికి గూట్లోంచి కోయిల కూత లేచింది. పక్కకొమ్మ మీద తల్లి కోయిల నవ్వింది. "పాపం, ఎంత మోసపోయావు వదినా."

నల్లపూస పిల్ల నోట్లో పురుగు పెట్టి, దాని ఈకలు సవరించింది.

"మోసపోవడమేంటి వదినా. నా పతకం పారేసి మరీ ఉంచుకున్నాను."